వైరల్ జ్వరం తగ్గి 8 నెలలైంది, నీరసం తగ్గలేదు. ఇది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమేనా?

తొలకరి_34 | సోమవారం, రాత్రి 10:42
అందరికీ నమస్కారం. 8 నెలల క్రితం నాకు గట్టిగా వైరల్ జ్వరం వచ్చింది. వారంలో జ్వరం పోయింది కానీ, నేను మాత్రం మళ్లీ మామూలు మనిషిని కాలేదు. నెల రోజుల్లో సర్దుకుంటుందన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. రాత్రి 9 గంటలు పడుకుని లేచినా అసలు పడుకోనట్టే ఉంటుంది. మీటింగులో మాటలు చెవిన పడతాయి, అర్థం మాత్రం కాసేపటికి గానీ తలకెక్కదు. ఒక్కోసారి మెయిల్లో ఒకే లైను నాలుగుసార్లు చదవాల్సి వస్తోంది.

పోయిన నెలలో జరిగింది చెబుతాను. తలస్నానం చేస్తూ చేతులు పైకెత్తి తల రుద్దుకుంటున్నాను. ఉన్నట్టుండి భుజాల్లో సత్తువంతా ఎవరో లాగేసినట్టయింది. చేతులు వాటంతటవే కిందికి దిగిపోయాయి, గుండె దడదడలాడింది. తల నిండా షాంపూ నురగతో బాత్రూమ్ నేల మీదే కూర్చుండిపోయాను. నురగ కళ్లలోకి కారి మండుతోంది, తుడుచుకుందామంటే చెయ్యి లేవదు. ఇంట్లోవాళ్లని పిలవడానికి సిగ్గేసింది. అలా ఎంతసేపున్నానో నాకే తెలియదు.

థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి, రోజూ వాకింగ్ చేయండి" అన్నారు డాక్టరు. సరేనని మొదలుపెట్టాను. నడిచిన రోజు బాగానే ఉంది, ఆ తర్వాత మంచం పట్టాను. బద్ధకమా ఇది, రోగమా? నిజంగా తెలుసుకోవాలనుంది.

కిటికీపక్కన | సోమవారం, రాత్రి 11:15
తొలకరి గారూ, ముందు ఒక్కటే అడుగుతాను. నడిచిన రోజు బాగున్నారన్నారు కదా, సరిగ్గా ఎన్నాళ్లకి పడిపోయారు? ఆ రాత్రా, మర్నాడా, ఆ మర్నాడా? మళ్లీ లేచి తిరగడానికి ఎన్ని రోజులు పట్టింది? గుర్తున్నంత వరకు చెప్పండి. మిగతా లక్షణాలన్నిటికంటే నాకు ఇదే ముఖ్యం.

పట్టుదల | మంగళవారం, ఉదయం 6:20
నా అనుభవం చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమోనని. నాలుగేళ్ల క్రితం డిప్రెషన్‌తో ఆరు నెలలు మంచానికి అతుక్కుపోయాను. ఒళ్లు బరువు, నిద్ర మత్తు, దేని మీదా ధ్యాస లేదు. నన్ను బయటికి లాగింది నడకే. మొదట వీధి చివరి దాకా, తర్వాత పార్కు దాకా. రోజూ ఇంకొంచెం. మొదటి రెండు వారాలు నరకం, ఆ తర్వాత ఒళ్లు మాట వినడం మొదలైంది. తొలకరి గారూ, ఒక్కసారి పడ్డారని వదిలేయకండి. పడుకున్నకొద్దీ కండరాలు ఇంకా నీరసపడతాయి.

కిటికీపక్కన | మంగళవారం, ఉదయం 11:50
పట్టుదల గారూ, మీరు బయటపడ్డందుకు సంతోషం, మీరు చెప్పింది మీ జబ్బుకి అక్షరాలా నిజం. కానీ ఇది వేరే జబ్బు అయ్యే అవకాశం ఉంది కాబట్టి అదే సలహా ఇక్కడ ప్రమాదం. నాకు ఆరేళ్లుగా ఎంఈ సీఎఫ్ఎస్, అంటే తొలకరి గారు అడిగిన క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమే.

డిప్రెషన్‌లో ఏ పనీ చెయ్యాలనిపించదు. నాకు అన్నీ చెయ్యాలనే ఉంటుంది. పొద్దున లేస్తూనే ఈరోజు చేద్దామనుకున్న పది పనులు కళ్ల ముందు ఉంటాయి. వాటిలో ఒకటిన్నర చేసేసరికి ఒంట్లో ఉన్నదంతా అయిపోతుంది. రెండో తేడా ఇంకా పెద్దది. డిప్రెషన్ ఉన్నవాళ్లకి కాస్త నడిస్తే సాధారణంగా ఎంతో కొంత తేలికవుతుంది. మాకు నడిచినప్పుడు కాదు, ఒక రోజు ఆగి దెబ్బ పడుతుంది. గొంతు నొప్పి, మెడ దగ్గర గ్రంథులు నొక్కితే నొప్పి, ఒళ్లంతా ఫ్లూ వచ్చినట్టు సలుపు, వెలుతురు చూడలేకపోవడం. చేసిన పనికీ పడే శిక్షకీ పొంతన ఉండదు. అరగంట ఫోన్లో మాట్లాడినందుకు మూడు రోజులు మంచంలో ఉన్నాను ఒకసారి.

డాక్టర్లు దీన్ని పోస్ట్ ఎగ్జర్షనల్ మలైజ్ అంటారు, పొట్టిగా పీఈఎం. మేము 'క్రాష్' అంటాం. ఇది ఒంటి శ్రమకే కాదు, లెక్కలు చూసినా, గట్టిగా వాదించినా, ఏడ్చినా వస్తుంది. అందుకే మొదటే ఆ ప్రశ్న అడిగాను.

తొలకరి_34 | మంగళవారం, రాత్రి 9:05
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అప్పుడు నడిచింది ఒక మంగళవారం, అరగంట. బుధవారం ఆఫీసుకి కూడా వెళ్లాను, నడక పనిచేస్తోందనుకుని సంబరపడ్డాను. గురువారం పొద్దున గొంతు నొప్పితో లేచాను, మళ్లీ వైరల్ అనుకున్నాను. ఆదివారం దాకా లేవలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఈ 8 నెలల్లో నాకు 'మళ్లీ జ్వరం' వచ్చిన ప్రతిసారీ అంతకు రెండు రోజుల ముందు ఏదో ఒక పని మీద వేసుకునే ఉన్నాను.

నాడి | బుధవారం, ఉదయం 7:30
నేను జనరల్ ఫిజీషియన్ని. ఇక్కడ చదివి ఎవరికీ రోగనిర్ధారణ చెయ్యను, మీ డాక్టరుతో ఏం మాట్లాడాలో మాత్రం చెబుతాను.

2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం ఈ జబ్బు అనాలంటే మూడు తప్పనిసరిగా ఉండాలి. 6 నెలలకు పైగా మునుపటి పనులు చేసుకోలేనంత అలసట, అదీ కొత్తగా వచ్చినదై, విశ్రాంతితో తీరనిదై ఉండాలి. శ్రమ తర్వాత క్రాష్ ఉండాలి. నిద్రపోయి లేచినా సేద తీరకపోవాలి. వీటికి తోడు బ్రెయిన్ ఫాగ్, అంటే ఆలోచనా జ్ఞాపకశక్తీ మందగించడం, లేదా నిలబడితే లక్షణాలు పెరగడం, ఈ రెంటిలో కనీసం ఒకటి ఉండాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో అయితే 3 నెలలకే నిర్ధారించవచ్చంటుంది. ఎందుకంటే తెలియక ఒంటిని తోసుకుంటూ పోయిన ఆ మొదటి నెలల్లోనే చాలామందికి ముదురుతుంది.

దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. అలాగని రిపోర్టులు నార్మల్ అయితే జబ్బు లేనట్టు కాదు. అలసటకి వేరే కారణాలు లేవని చూసుకోవాలి: హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, తక్కువ ఉండొచ్చు, బి12, కాల్షియం, కిడ్నీ, లివర్, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం), ఉదయం కార్టిసాల్ అనే హార్మోను, గురక ఉంటే స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతుండటం). తొలకరి గారూ, వీటిలో మీకు ఎన్ని చేశారో రిపోర్టు తీసి చూసుకోండి.

ఇంకొకటి. తలస్నానం దగ్గర మీరు రాసింది నన్ను ఆపేసింది. నిలబడి, వేడి నీళ్లు, చేతులు పైకి, గుండె దడ. ఇది నిలబడినప్పుడు రక్తప్రసరణ సర్దుకోలేకపోవడం కావచ్చు. పది నిమిషాలు పడుకుని పల్స్, బీపీ రాసుకోవాలి, తర్వాత గోడకి ఆనుకుని పది నిమిషాలు నిలబడి నిమిషానికోసారి రాసుకోవాలి. పక్కన ఒక మనిషి తప్పక ఉండాలి, కళ్లు బైర్లు కమ్మితే వెంటనే కూర్చోవాలి. బీపీ పెద్దగా పడకుండా పల్స్ 30కి మించి పెరిగి అలాగే నిలిస్తే పాట్స్ అనే సమస్య అని అనుమానిస్తాం. 12 నుంచి 19 ఏళ్ల వాళ్లకి ఆ లెక్క 40. దీనికి మందులున్నాయి, అందుకే వెతకడం వృథా కాదు.

పుస్తకాలపురుగు | బుధవారం, మధ్యాహ్నం 2:40
నేను డాక్టర్ని కాదు, మా చెల్లికి ఈ జబ్బు వచ్చాక దొరికిందల్లా చదివినవాణ్ణి.

ఇది కొత్త జబ్బు కాదు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో రెండు వందల మందికి పైగా సిబ్బంది ఒక్కసారిగా జబ్బుపడ్డారు. మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అనే పేరు ఆ మరుసటి ఏడాది వచ్చింది. 1969లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నరాల జబ్బుల కింద చేర్చింది. 1980లలో అమెరికాలో లేక్ టాహో దగ్గర ఇలాంటిదే ఇంకో గుంపు బయటపడింది. 1988లో 'క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. నా దృష్టిలో ఆ పేరే రోగులకి సగం అన్యాయం చేసింది. అలసట ఎవరికి ఉండదు? పేరు విన్న ప్రతివాళ్లూ "నాకూ ఉంది" అనేస్తారు.

కారణాల సంగతికొస్తే, చాలామందికి ఇన్ఫెక్షన్‌తో మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊళ్లో ఎప్‌స్టీన్ బార్ వైరస్, క్యూ ఫీవర్, రాస్ రివర్ వైరస్ సోకిన 253 మందిని వెంబడించి చూశారు. 6 నెలలకి వాళ్లలో సుమారు 11 శాతం మందికి ఈ సిండ్రోమ్ లక్షణాలు నిలిచిపోయాయి. మూడు వేర్వేరు క్రిములు, ఫలితం ఒకటే. ఎవరికి నిలిచిపోతుందన్నది ముందునుంచీ ఉన్న మానసిక స్థితిని బట్టి కాదు, మొదటి జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్నదాన్ని బట్టి తేలింది. ఆ పేపర్ 2006లో వచ్చింది. కోవిడ్ తగ్గాక కూడా లక్షణాలు పోని లాంగ్ కోవిడ్ వచ్చినప్పుడు ఇది చదివినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు.

కోవిడ్ తర్వాత పరిశోధన కాస్త ఊపందుకుంది. 2024లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు లాంగ్ కోవిడ్‌తో క్రాష్‌లు వచ్చే 25 మందికి వ్యాయామానికి ముందూ తర్వాతా కండరం ముక్క తీసి చూశారు. శ్రమ తర్వాత కండరంలో కణాలు దెబ్బతిన్నాయి, శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పనితీరు తగ్గింది. 2025లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని డీకోడ్ ఎంఈ బృందం 15,579 మంది రోగుల డీఎన్ఏ పరిశీలించి, జన్యుపటంలో 8 చోట్ల తేడాలు కనబడ్డాయని ప్రకటించింది. అక్కడున్న జన్యువుల్లో కొన్ని రోగనిరోధక వ్యవస్థకీ, కొన్ని నాడీ వ్యవస్థకీ సంబంధించినవి. ఆ వార్త చదివి మా చెల్లి "అంటే నేను ఊహించుకోవట్లేదన్నమాట" అంది. పదకొండేళ్లు పట్టింది దానికి ఆ మాట అనడానికి.

చేదోడు | గురువారం, రాత్రి 12:10
మా ఆవిడకి ఇది తీవ్రంగా ఉంది. ఈ జబ్బున్నవాళ్లలో నాలుగో వంతు మంది ఎప్పుడో ఒకప్పుడు ఇంటికో మంచానికో పరిమితమవుతారంటారు. వాళ్లు ఇలాంటి చోట రాయలేరు కాబట్టి వాళ్ల తరఫున నేను రాస్తున్నాను.

గదిలో కర్టెన్లు ఎప్పుడూ వేసే ఉంటాయి. తలుపు గడియ టక్కుమంటే ఆవిడ ముఖం ముడుచుకుపోతుంది, అందుకని గడియకి పాత కాటన్ గుడ్డ చుట్టి దారంతో కట్టాను. నెలకోసారి ఆ గుడ్డ అరిగిపోతే మారుస్తాను. మాట్లాడలేని రోజుల్లో వేలు ఒకసారి కదిపితే అవును, రెండుసార్లు కదిపితే వద్దు. నేను పక్కన కూర్చుంటాను, ఏమీ మాట్లాడను. మొదట్లో ఏదో ఒకటి చెప్పి ఉత్సాహపరచాలని చూసేవాణ్ణి. నా మాటలు కూడా ఆవిడకి బరువేనని తెలియడానికి ఏడాది పట్టింది.

మొదటి రెండేళ్లు ఆవిడ ఉద్యోగం చేస్తూనే ఉంది. వారమంతా పని, శని ఆదివారాలు శవంలా పడుకోవడం, మళ్లీ సోమవారం. "కొంచెం ఓపిక పట్టు, సెలవుల్లో రెస్ట్ తీసుకుందువు" అన్నది నేనే. తొలకరి గారూ, మీరింకా ఆఫీసుకి వెళుతున్నారని చదివి నిద్ర పట్టక రాస్తున్నాను. ఇప్పుడే ఆగండి.

అడుగడుగు | గురువారం, ఉదయం 8:45
నేను ఫిజియోథెరపిస్టుని, పదిహేనేళ్ల సర్వీసు. ఈ చర్చలో నేను మాట్లాడకపోతే తప్పవుతుంది.

వారానికి ఐదు నిమిషాల చొప్పున వ్యాయామం పెంచుకుంటూ పోవాలని మాకు నేర్పారు. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేస్ ట్రయల్ దానికి ఆధారం, అందులో 641 మంది రోగులున్నారు. ఒక కుర్రాణ్ణి నేను అలాగే సైకిల్ ఎక్కించాను. నాలుగో వారానికి అతను రావడం మానేశాడు. ఫైల్లో 'రోగి సహకరించడం లేదు' అని రాశాను. ఏడాది తర్వాత వాళ్లమ్మ కనబడి, అబ్బాయి మంచం దిగడం లేదని చెప్పింది. ఆ వాక్యం రాసింది నా చేత్తోనే.

పేస్ ట్రయల్లో కోలుకోవడానికి పెట్టుకున్న కొలమానాలను మధ్యలో సడలించారు. రోగులు పోరాడి 2016లో డేటా బయటికి రప్పించారు. మొదట అనుకున్న కొలతలతో మళ్లీ లెక్కేస్తే ఆ 'కోలుకోవడం' చాలావరకు కరిగిపోయింది. 2021లో నైస్ ఈ క్రమంగా పెంచే వ్యాయామాన్ని చికిత్సగా ఇవ్వొద్దని చెప్పేసింది.

పట్టుదల గారు అన్న 'కండరాలు నీరసపడ్డాయి' అన్న వాదనకి జవాబుగా ఒక పరీక్ష ఉంది. మాస్క్ పెట్టి సైకిల్ తొక్కించి ఆక్సిజన్ వాడకం కొలుస్తారు, 24 గంటల తర్వాత మళ్లీ అదే పరీక్ష చేస్తారు. వ్యాయామం లేక బలహీనపడ్డవాళ్లు రెండో రోజు కూడా దాదాపు మొదటి రోజంతే చేయగలుగుతారు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి రెండో రోజు సామర్థ్యం పడిపోతుంది. దయచేసి ఎవరూ రుజువు కోసమని ఇది చేయించుకోకండి, ఆ పరీక్షే పెద్ద క్రాష్ తెస్తుంది.

పట్టుదల | గురువారం, రాత్రి 7:30
చేదోడు గారి పోస్టు రెండుసార్లు చదివాను. తొలకరి గారూ, 'వదిలేయకండి' అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క సందేహం మాత్రం నిజంగానే ఉంది. నడవొద్దు, పని చేయొద్దు అంటే మరి రోజంతా ఏం చెయ్యాలి? పూర్తిగా పడుకోవడమేనా?

కిటికీపక్కన | శుక్రవారం, ఉదయం 11:20
మంచి ప్రశ్న. పూర్తిగా పడుకోవడం కాదు. ఒంట్లో ఎంత ఉందో అంతలోనే, ఇంకా చెప్పాలంటే అంతకంటే కొంచెం తక్కువలోనే బతకడం. దీన్నే పేసింగ్ అంటారు. చెప్పడం తేలిక, చెయ్యడం నాకు రెండేళ్లు పట్టింది.

అలసట వచ్చాక ఆగితే అప్పటికే ఆలస్యం. అందుకని బాగున్నప్పుడే ఆగాలి. నేను ఏ పనికైనా 12 నిమిషాలు టైమర్ పెట్టుకుంటాను. అది మోగినప్పుడు ఇంకా ఓపిక ఉన్నా సరే, వెళ్లి కళ్లు మూసుకుని పడుకుంటాను. ఫోన్ చూస్తూ పడుకుంటే అది విశ్రాంతి కాదు. అన్నిటికంటే కష్టం మంచి రోజున. ఒంట్లో కాస్త బాగుందనిపించగానే వారం రోజుల పెండింగ్ పనులన్నీ మీదేసుకుంటాం, మూడో రోజు పడిపోతాం. నా పాత క్రాష్‌లన్నీ మంచి రోజుల్లో మొదలైనవే.

చేతికి పల్స్ చూపించే వాచీ పెట్టుకుంటాను. నిద్రలేవగానే ఉన్న పల్స్ కంటే 15 దాటితే కూర్చుంటాను. అందరికీ ఇదే లెక్క సరిపోదు, నాకు సరిపోయింది.

అమ్మ_14 | శుక్రవారం, సాయంత్రం 4:15
మా అమ్మాయికి 14. గ్రంథుల జ్వరం తర్వాత ఇదే పరిస్థితి. స్కూల్లో నాటకాలాడుతోందంటున్నారు, ఎందుకంటే సోమవారం నవ్వుతూ ఆడుకుంది, బుధవారం రాలేదు. పిల్లలకి తగ్గుతుందా డాక్టరు గారూ?

నాడి | శుక్రవారం, రాత్రి 9:40
పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లలు కోలుకునే అవకాశం ఎక్కువేనమ్మా, అయితే నెలలు కాదు, ఏళ్లు పట్టొచ్చు. సోమవారం ఆటకీ బుధవారం గైర్హాజరుకీ మధ్య ఉన్న ఆ రెండు రోజుల గురించే స్కూలుకి రాతపూర్వకంగా చెప్పండి. సగం పూట హాజరు, ఆటల పీరియడ్ నుంచి మినహాయింపు, పరీక్షల్లో మధ్యమధ్య విశ్రాంతి అడగండి.

మందుల గురించి కొందరు మెసేజ్ చేశారు. ఈ జబ్బును నయం చేసే మందు ఇప్పటికి లేదు. 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్సే కారణమన్న పేపర్ వచ్చి ప్రపంచమంతా ఆశపడింది. అది ల్యాబులో కలుషితం వల్ల వచ్చిన పొరపాటని తేలి 2011లో వెనక్కి తీసుకున్నారు. నార్వేలో రిటుక్సిమాబ్ అనే మందు మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు, 151 మందితో చేసిన పెద్ద ట్రయల్లో ఉత్తుత్తి మందు కంటే మెరుగేమీ కనబడలేదు. కాబట్టి గ్యారంటీగా తగ్గిస్తామనేవాళ్లకి డబ్బు కట్టకండి. నిద్రకి, నొప్పికి, పాట్స్‌కి విడివిడిగా వైద్యం చేస్తే రోజు గడవడం మాత్రం నిజంగా తేలికవుతుంది.

తొలకరి_34 | ఐదు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:10
ఆలస్యానికి క్షమించండి, ఈ పోస్టు మూడు విడతలుగా రాస్తున్నాను.

నాడి గారు చెప్పినట్టు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను, రెండు వారాల డైరీ పట్టుకుని. ఎడమ పేజీలో చేసిన పని, కుడి పేజీలో రెండు రోజుల తర్వాత ఒంటి పరిస్థితి. ఆవిడ మాట్లాడకుండా ఆ పేజీలు తిప్పారు, తర్వాత నన్ను పడుకోబెట్టి, నిలబెట్టి, పల్స్ రాశారు. పడుకున్నప్పుడు 72, ఏడో నిమిషానికి 111. ఫెరిటిన్ కూడా తక్కువుంది, మాత్రలు ఇచ్చారు. అవి వేసుకున్నా క్రాష్‌లు మాత్రం అలాగే వస్తున్నాయి. కాగితం మీద పాట్స్, ఎంఈ సీఎఫ్ఎస్ అని రెండూ రాశారు. బయటికొచ్చి ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. భయంతో కాదు. ఆ ఏడుపుకి కూడా రెండు రోజులు మంచంలో ఉన్నాను, అది డైరీలో ఉంది.

చేదోడు గారూ, సెలవు పెట్టాను. మీ ఆవిడకి నా నమస్కారం చెప్పండి, చెప్పగలిగే రోజున.

బాత్రూమ్‌లో ప్లాస్టిక్ స్టూల్ వేసుకున్నాను. జుట్టు కురచగా కత్తిరించుకున్నాను. కూర్చుని, గోరువెచ్చటి నీళ్లతో, మధ్యలో రెండుసార్లు చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగితే తలస్నానం పూర్తవుతోంది. రేపు తలస్నానం రోజు. ఎవరైనా ఏమైనా అడిగితే గురువారం జవాబిస్తాను.